స్టూడియో నుంచి సచివాలయం దాకా
పొత్తు తెచ్చిన పదవి... పొత్తుతోనే పోయింది! పైడికొండల రాజకీయ ప్రస్థానంపై ఒక పరిశీలన

తాడేపల్లిగూడెం: పశ్చిమ గోదావరి జిల్లా నుంచి శాసనసభకు వెళ్లినవారి చిట్టా తిరగేస్తే తరచుగా కనిపించేవి మూడు నాలుగు రకాల నేపథ్యాలే. తరాలుగా భూమి ఉన్న కుటుంబాలు, రైస్‌మిల్లర్లు, గుత్తేదారులు, ఇటీవలి కాలంలో చేపలు, రొయ్యల చెరువుల యజమానులు. ఈ వరుసలో ఇమడని పేరు ఒకటుంది. పట్టణంలో ఫొటో స్టూడియో నడుపుకొని జీవనం సాగించిన పైడికొండల మాణిక్యాలరావు 2014లో భారతీయ జనతా పార్టీ తరఫున తాడేపల్లిగూడెం శాసనసభ్యుడిగా గెలిచారు. గెలిచిన కొద్ది వారాలకే రాష్ట్ర దేవాదాయ ధర్మాదాయ శాఖ మంత్రి అయ్యారు. నాలుగేళ్లకు మూడు నెలలు తక్కువగా ఆ పదవిలో ఉన్నారు. 2018 మార్చిలో రాజీనామా చేశారు. 2019లో లోక్‌సభకు పోటీ చేసి డిపాజిట్ సైతం దక్కించుకోలేకపోయారు. 2020 ఆగస్టు 1న కరోనాతో విజయవాడలోని ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఆరేళ్లలో ఇంత ఎత్తూ ఇంత పల్లమూ చూసిన నాయకులు జిల్లాలో అరుదు. ఆయన ఎదుగుదలను కొందరు అదృష్టమన్నారు, పతనాన్ని మరికొందరు స్వయంకృతమన్నారు. రెండూ సగం సగం మాటలే. ఒక చిరు వ్యాపారి పెద్ద పదవికి చేరడానికి ఏయే పరిస్థితులు కలిసి రావాలో, చేరిన తరువాత ఆ పదవిలో అతని చేతికి వాస్తవంగా ఎంత అధికారం అందుతుందో ఈ ప్రస్థానం చెబుతుంది.

దుకాణమే పరిచయాల పుట్ట

తాడేపల్లిగూడెం వ్యాపారుల ఊరు. చెన్నై-హౌరా రైలు మార్గం, జాతీయ రహదారి రెండూ అందుబాటులో ఉండడంతో చుట్టుపక్కల మండలాల సరుకంతా ఇక్కడికే చేరుతుంది. కర్నూలు ఉల్లికి కోస్తాలో పేరున్న మార్కెట్ ఇదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన విమాన రన్‌వే ఊరికి మరో గుర్తు. పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. ఇటువంటి ఊరిలో రాజకీయం పొలం గట్ల మీద కంటే దుకాణాల అరుగుల మీద ఎక్కువగా నడుస్తుంది.

దుకాణాలలోనూ ఫొటో స్టూడియోకు ఒక ప్రత్యేకత ఉండేది. కిరాణా కొట్టుకు వీధి జనం వస్తారు, ఎరువుల దుకాణానికి రైతులు వస్తారు. స్టూడియోకు మాత్రం అన్ని కులాల వారూ, అన్ని మతాల వారూ, ధనికులూ పేదలూ రాక తప్పదు. పదో తరగతి హాల్ టికెట్టుకూ, రేషన్ కార్డుకూ, బ్యాంకు ఖాతాకూ, గల్ఫ్ దేశాలకు వెళ్లే వారి పాస్‌పోర్టుకూ ఫొటో కావాల్సిందే. పెళ్లి చూపులకు పంపే ఫొటో అక్కడే తీయాలి. పెళ్లికి ఆల్బమ్, వీడియో క్యాసెట్ అక్కడి వారే చేయాలి. ఇంట్లో పెద్దలు పోతే దండ వేయడానికి పాత ఫొటోను పెద్దది చేయించి చట్రం కట్టించేది కూడా అక్కడే. చీకటి గదిలో కడిగే నలుపు తెలుపు బొమ్మల రోజుల నుంచి కలర్ ల్యాబ్‌ల రోజుల దాకా ఒక ఊరి స్టూడియో యజమానికి ఊరిలోని కుటుంబాల మంచి చెడ్డలు తెలిసినంతగా ఆ ఊరి కౌన్సిలర్‌కు సైతం తెలియవు. ఇంటి లోపలి దాకా వెళ్లి, పెళ్లి పీటల పక్కన నిలబడే వృత్తి అది.

ఓట్ల రాజకీయంలో ఈ పరిచయం విలువైన పెట్టుబడి. అయితే దానికొక పరిమితి కూడా ఉన్నది. పరిచయాలతో గౌరవం వస్తుంది, పెళ్లిళ్లకు పిలుపులు వస్తాయి. పార్టీ టికెట్టు రాదు. దానికి డబ్బు కావాలి, లేదా కులబలం కావాలి, లేదా పోటీ తక్కువగా ఉన్న పార్టీలో ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. మాణిక్యాలరావు ఎంచుకున్నది మూడో దారి. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ శాఖల నుంచి వచ్చిన ఆయన భారతీయ జనతా పార్టీలోనే పనిచేస్తూ వచ్చారు. గెలుపు ఆశ పెద్దగా లేని పార్టీలో ఉండడం వలన పైకి వచ్చే వరుస చిన్నది. వరుసలో తన వంతు వచ్చినపుడు ముందుకు తోసుకువచ్చే ధనవంతులు కూడా తక్కువ.

గోదావరి తీరాన కమలం

జిల్లాలో భాజపా బలం ఎప్పుడూ పొత్తుల మీదే ఆధారపడింది. సినీనటుడు కృష్ణంరాజు 1998లో కాకినాడ నుంచీ, 1999లో తెలుగుదేశంతో పొత్తు ఉన్నపుడు నరసాపురం నుంచీ లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2004 పరాజయం తరువాత పొత్తు తెగింది. ఆ తరువాతి పదేళ్లు గోదావరి జిల్లాల్లో కమలం గుర్తు మీద నిలబడడమంటే పార్టీ పట్ల విధేయత చాటుకోవడమే తప్ప గెలుపు మాట కాదు. 2009లో తాడేపల్లిగూడెం స్థానాన్ని ప్రజారాజ్యం గెలుచుకుంది. అంతకుముందు 2004లో కాంగ్రెస్ తరఫున కొట్టు సత్యనారాయణ గెలిచారు.

2014 నాటికి లెక్క మారింది. రాష్ట్ర విభజనతో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. తెలుగుదేశం, భాజపా మళ్లీ కలిశాయి. పవన్ కల్యాణ్ పోటీ చేయకుండా ఈ కూటమికి మద్దతు ప్రకటించారు. సీట్ల సర్దుబాటులో తాడేపల్లిగూడెం భాజపాకు వచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి పార్టీ జెండా మోసిన స్థానికుడు మాణిక్యాలరావు. టికెట్టు ఆయనకే దక్కింది.

ఫలితం అందరికీ తెలిసిందే. జిల్లాలోని 15 శాసనసభ స్థానాలనూ కూటమి ఊడ్చివేసింది. 14 తెలుగుదేశానికి, ఒకటి భాజపాకు. తాడేపల్లిగూడెంలో మాణిక్యాలరావు సుమారు 14 వేల ఓట్ల ఆధిక్యంతో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి తోట గోపిని ఓడించారు. రాష్ట్రంలో భాజపా గెలిచిన నాలుగు శాసనసభ స్థానాల్లో ఇది ఒకటి. మిగిలినవి కైకలూరు, రాజమహేంద్రవరం నగరం, విశాఖ ఉత్తరం. నరసాపురం లోక్‌సభ స్థానాన్ని అదే పార్టీకి చెందిన గోకరాజు గంగరాజు గెలిచారు.

ఈ గెలుపులో అభ్యర్థి వాటా ఎంత, గాలి వాటా ఎంత అన్న ప్రశ్నకు సమాధానం కష్టమేమీ కాదు. జిల్లా అంతా ఒకే వైపు ఊగినపుడు ఒక్క స్థానంలో వ్యక్తి బలాన్ని విడిగా తూచలేము. కానీ పొత్తులో వచ్చిన సీటుకు మిత్రపక్షం ఓటు సాఫీగా బదిలీ కావడానికి అభ్యర్థి మీద ఊరిలో వ్యతిరేకత లేకపోవడం అవసరం. స్టూడియో పరిచయాలు పనికివచ్చింది అక్కడే. తెలుగుదేశం కార్యకర్తకు ఆయన పరాయివాడు కాదు, ఊరివాడు.

వెలుగెక్కువ... పట్టు తక్కువ

2014 జూన్ 8న చంద్రబాబునాయుడు మంత్రివర్గం ప్రమాణ స్వీకారం చేసినపుడు భాజపాకు రెండు పదవులు దక్కాయి. కైకలూరు శాసనసభ్యుడు కామినేని శ్రీనివాస్‌కు వైద్య ఆరోగ్య శాఖ, మాణిక్యాలరావుకు దేవాదాయ శాఖ. తొలిసారి సభలో అడుగుపెట్టిన వ్యక్తి నేరుగా మంత్రి కావడం సొంత పార్టీలో దీర్ఘకాలం ఉన్నా సాధ్యపడని విషయం. నలుగురిలో ఇద్దరిని ఎంచుకోవలసి వచ్చిన చిన్న పార్టీలో అది సాధ్యపడింది.

దేవాదాయ శాఖ చూడడానికి నిండుగా ఉంటుంది. పూర్ణకుంభాలు, పట్టువస్త్రాలు, బ్రహ్మోత్సవాలు. మంత్రి ఎక్కడికి వెళ్లినా వేదపండితుల ఆశీర్వచనం. లోపలికి చూస్తే వేరు. 1987 నాటి 30వ చట్టం ప్రకారం ఆలయాలు వార్షికాదాయాన్ని బట్టి వర్గాలుగా విభజితమై ఉంటాయి. పెద్ద ఆలయాల ఆదాయం ఆ ఆలయాలదే, దానిని ఖర్చు చేసేది కార్యనిర్వహణాధికారి, ధర్మకర్తల మండలి. తిరుమల తిరుపతి దేవస్థానం వ్యవహారాలన్నీ వాస్తవంలో ముఖ్యమంత్రి చేతిలోనే ఉంటాయి. ఏటా రెండు లక్షల రూపాయల ఆదాయం కూడా లేని చిన్న ఆలయాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటి అర్చకులకు ధూపదీప నైవేద్యాల సొమ్ము నెలనెలా అందితే చాలునన్నది గ్రామాల కోరిక. వీటికి తోడు లక్షల ఎకరాల మాన్యం భూములు, వాటి ఆక్రమణలు, కౌలు బకాయిలు, ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యాలు. మంత్రి సంతకంతో తెమిలేవి తక్కువ, మంత్రి మెడకు చుట్టుకునేవి ఎక్కువ.

ఆయన హయాంలోనే పేదలను ఉచితంగా పుణ్యక్షేత్రాలకు తీసుకువెళ్లే దివ్యదర్శనం పథకం మొదలైంది. గుర్తుండిపోయినవి మాత్రం ఇటువంటి పథకాలు కావు.

2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాట జరిగింది. పాతిక మందికి పైగా భక్తులు మరణించారు. ఎక్కువమంది మహిళలు, వృద్ధులు. దేశమంతా దిగ్భ్రాంతి చెందిన ఈ దుర్ఘటనపై జస్టిస్ సి.వై.సోమయాజులు కమిషన్ విచారణ జరిపింది. ఒకే ముహూర్తానికి ఒకే ఘాట్‌కు జనం ఎగబడడం, ఆ ముహూర్తానికి లభించిన ప్రచారం ప్రధాన కారణాలుగా ఆ నివేదిక పేర్కొంది. ప్రభుత్వాన్ని గట్టెక్కించే నివేదిక అని ప్రతిపక్షం విమర్శించింది. ఘాట్‌ల నిర్మాణం నీటిపారుదల శాఖది, పారిశుద్ధ్యం పురపాలక శాఖది, జనప్రవాహ నియంత్రణ పోలీసులది. ఏర్పాట్లపై తుది మాట ముఖ్యమంత్రిది. అయినా పుష్కరం అనగానే జనం తలచేది దేవాదాయ శాఖనే. అధికారం పలువురి మధ్య పంచబడి, నింద మాత్రం ఒక్కచోట చేరే శాఖలలో దీనిని మించినది లేదు.

మరుసటి ఏడాది కృష్ణా పుష్కరాల వంతు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన ఆ పుష్కరాలకు ముందు విజయవాడలో రహదారుల విస్తరణ పేరిట పలు ఆలయాలను తొలగించారు. భాజపా శ్రేణులు, పీఠాధిపతులు రోడ్డెక్కారు. ఆలయాలను తొలగించిన ప్రభుత్వంలో దేవాదాయ మంత్రి భాజపా వారు. నిరసన తెలిపినది కూడా భాజపా వారే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెతకు ఇంతకంటే తగిన ఉదాహరణ దొరకదు. మంత్రి గట్టిగా మాట్లాడితే ముఖ్యమంత్రితో చెడుతుంది, మాట్లాడకపోతే తనను ఆ స్థాయికి తెచ్చిన సంఘ పరివారంలో ముఖం చెల్లదు. ఆ ఆలయాలలో తొమ్మిదింటి పునర్నిర్మాణానికి 2021 జనవరిలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. అప్పటికి మాణిక్యాలరావు లేరు.

మూడోది సదావర్తి సత్రం భూముల వ్యవహారం. నాటి గుంటూరు జిల్లా అమరావతికి చెందిన ఈ సత్రానికి చెన్నై శివారులో విలువైన భూములున్నాయి. అందులో 83.11 ఎకరాలను 2016లో వేలంలో 22.44 కోట్ల రూపాయలకు విక్రయించారు. కారుచౌకగా కట్టబెట్టారంటూ వైఎస్సార్ కాంగ్రెస్ శాసనసభ్యుడు ఆళ్ల రామకృష్ణారెడ్డి హైకోర్టుకు వెళ్లారు. న్యాయస్థానం జోక్యంతో 2017 సెప్టెంబరులో మళ్లీ వేలం జరిగితే పాట 60.30 కోట్లకు చేరింది. పాట పాడిన వారు గడువులోగా సొమ్ము చెల్లించకపోవడంతో వ్యవహారం మళ్లీ కోర్టులలోనే పడింది. మొదటి వేలానికీ రెండో వేలానికీ మధ్య తేడా దాదాపు 38 కోట్లు. భూములు అప్పటికే ఆక్రమణలో ఉన్నాయని, అందుకే ఆ ధర పలికిందని ప్రభుత్వం వాదించింది. వాదన ఎలా ఉన్నా, దేవుడి సొమ్ముకు కాపలా ఉండవలసిన శాఖ కోర్టు చెబితే తప్ప రెండోసారి పాట పెట్టలేదన్న మాట మిగిలింది.

2017 డిసెంబరు చివరలో విజయవాడ కనకదుర్గ ఆలయంలో అర్ధరాత్రి పూజలు జరిగాయన్న ఆరోపణలు రేగినపుడు కూడా శాఖ ఇరుకున పడింది. విచారణ సంఘం వేశారు, కార్యనిర్వహణాధికారిని బదిలీ చేశారు. మూడు నెలలు తిరగకుండానే మంత్రి పదవే పోయింది.

ఇంట్లోనే పోరు

రాజధానిలో ఇబ్బందులు ఒక ఎత్తయితే, సొంత నియోజకవర్గంలో మరో ఎత్తు. ఎన్నికల్లో చేతులు కలిపిన తెలుగుదేశం నాయకులకు, మంత్రికి మధ్య పొరపొచ్చాలు తొలి ఏడాదిలోపే బయటపడ్డాయి. జిల్లా పరిషత్ అధ్యక్షుడు ముళ్లపూడి బాపిరాజు వర్గంతో మంత్రికి నడిచిన వివాదాలు ఏళ్ల తరబడి జిల్లా పత్రికల్లో వార్తలయ్యాయి. ఎవరి సిఫారసుపై పనులు మంజూరు కావాలి, శంకుస్థాపన ఫలకంపై ఎవరి పేరు ముందుండాలి, ఏ అధికారి ఎవరి మాట వినాలి అన్నవే తగవులు. చిన్నవిగా కనిపిస్తాయి. కానీ కార్యకర్తకు రాజకీయమంటే ఇవే. పింఛను, ఇంటి స్థలం, రేషన్ దుకాణం ఎవరు ఇప్పించగలరన్నదే అతడికి కొలమానం. జన్మభూమి కమిటీల కాలంలో ఆ పట్టు స్థానిక తెలుగుదేశం నాయకుల చేతిలో ఉన్నది. మంత్రికి కారు మీద ఎర్రబుగ్గ ఉన్నది, కింద గ్రామంలో కమిటీ లేదు.

ఇక్కడే చిరు వ్యాపార నేపథ్యం బలహీనతగా మారింది. తరాల నాయకత్వం ఉన్న కుటుంబానికి ఊరూరా మనుషులుంటారు. పదవి ఉన్నా లేకున్నా వారు కదలరు. గుత్తేదారుకు తన డబ్బుతో పోషించుకునే అనుచరగణం ఉంటుంది. స్టూడియో యజమానికి ఉన్నది పరిచయస్తులు. పరిచయస్తుడు నమస్కారం పెడతాడు, అవసరమైతే ఓటు వేస్తాడు. మండల సమావేశంలో లేచి నిలబడి పోట్లాడడు.

ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా పట్టణానికి శాశ్వతంగా మిగిలినది ఒకటున్నది. విభజన చట్టంలో హామీ ఇచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ తాడేపల్లిగూడెంకు వచ్చింది. 2015 ఆగస్టు 20న నాటి కేంద్రమంత్రులు స్మృతి ఇరానీ, వెంకయ్యనాయుడు, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పాల్గొనగా శంకుస్థాపన జరిగింది. వరంగల్ నిట్ మార్గదర్శకత్వంలో పెదతాడేపల్లిలోని వాసవి ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో తాత్కాలికంగా తరగతులు ప్రారంభమై, తరువాత కడకట్లలోని సొంత ప్రాంగణానికి మారాయి. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ మిత్రపక్షాలే ఉండడం, స్థానిక శాసనసభ్యుడు కేంద్రంలోని అధికార పార్టీ వాడు కావడం ఈ సంస్థ రాకకు కలిసివచ్చిన అంశాలు. ఒక్కరి ఘనతగా చెప్పడం అతిశయోక్తి కావచ్చు. ఆయన పాత్ర లేదనడం మాత్రం అన్యాయమే. దేశం నలుమూలల విద్యార్థులు వచ్చి చదువుకుంటున్న ఆ ప్రాంగణం చుట్టూ అద్దె ఇళ్లు, భోజనశాలలు, చిన్న దుకాణాలు వెలిశాయి. చిరు వ్యాపారి తెచ్చిన దానిలో చిరు వ్యాపారులకు కొంత దక్కింది.

రాజీనామా... తరువాత

2018 ఆరంభానికి ప్రత్యేక హోదా అంశంపై రెండు పార్టీల మధ్య దూరం పూడ్చలేనంతగా పెరిగింది. మార్చి 8న కేంద్ర మంత్రివర్గం నుంచి తెలుగుదేశం మంత్రులు అశోక్‌గజపతిరాజు, సుజనాచౌదరి వైదొలిగారు. అదే రోజు రాష్ట్ర మంత్రివర్గం నుంచి కామినేని శ్రీనివాస్, మాణిక్యాలరావు తప్పుకున్నారు. గమనించవలసినది ఒకటున్నది. 2017 ఏప్రిల్‌లో మంత్రివర్గాన్ని విస్తరించినపుడు జిల్లా నుంచి పీతల సుజాతను తొలగించి కె.ఎస్.జవహర్, పితాని సత్యనారాయణలకు చోటిచ్చారు. మాణిక్యాలరావు జోలికి పోలేదు. మిత్రపక్షం మంత్రి గనుక పనితీరుతో నిమిత్తం లేకుండా నిలిచారు, మిత్రపక్షం మంత్రి గనుకనే పనితీరుతో నిమిత్తం లేకుండా వెళ్లారు.

పదవి పోయిన తరువాత ఆయన స్వరం మారింది. తాడేపల్లిగూడెంకు ముఖ్యమంత్రి ఇచ్చిన హామీలు అమలు కాలేదంటూ 2018 చివర, 2019 ఆరంభంలో గట్టిగా ఆందోళనకు దిగారు. శాసనసభ్యత్వానికి రాజీనామా లేఖ పంపారు, గడువు విధించారు, దీక్ష చేపట్టారు. మంత్రిగా ఉన్ననాళ్లు ఈ హామీల కోసం ఏం చేశారన్న ఎదురు ప్రశ్న తెలుగుదేశం నుంచి వచ్చింది. ప్రశ్న సహేతుకమే. అయితే పొత్తు మంత్రికి తన నియోజకవర్గం పనుల కోసం సొంత ముఖ్యమంత్రిపై ఒత్తిడి తెచ్చే స్వేచ్ఛ ఎంత ఉండేదన్నది కూడా ప్రశ్నే.

2019 ఎన్నికల్లో భాజపా ఒంటరిగా బరిలోకి దిగింది. మాణిక్యాలరావును శాసనసభకు కాక నరసాపురం లోక్‌సభ స్థానానికి నిలబెట్టారు. అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి రఘురామకృష్ణరాజు, తెలుగుదేశం అభ్యర్థి వేటుకూరి వెంకట శివరామరాజు, జనసేన అభ్యర్థి నాగబాబు మధ్య పోరు జరిగింది. రఘురామకృష్ణరాజు 31,909 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. మాజీ మంత్రి పోటీలో ఉన్నట్లే కనిపించలేదు. రాష్ట్రమంతటా భాజపాకు ఒక్క శాతం ఓట్లు కూడా రాని ఎన్నిక అది. ఐదేళ్ల ముందు పొత్తులో గెలిచిన పార్టీ, పొత్తు లేకపోతే తన సొంత బరువెంతో ఆ రోజు తెలుసుకున్నది. తాడేపల్లిగూడెంలో కొట్టు సత్యనారాయణ వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2022 ఏప్రిల్‌లో ఆయన ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఆయనకు దక్కిన శాఖ కూడా దేవాదాయమే! ఎనిమిదేళ్లలో ఒకే పట్టణం నుంచి ఇద్దరు దేవాదాయ మంత్రులు రావడం యాదృచ్ఛికమే గానీ, మిగిలిన పెద్ద శాఖల కంటే ఈ శాఖ ఇవ్వడానికి ఏ ముఖ్యమంత్రికైనా చేయి సులువుగా వస్తుందన్న మాట కూడా నిజమే.

ఓటమి తరువాత కూడా మాణిక్యాలరావు పార్టీ మారలేదు. 2014లో రాజమహేంద్రవరం నుంచి గెలిచిన ఆకుల సత్యనారాయణ 2019 ఎన్నికలకు ముందే జనసేనలో చేరిన సంగతి గుర్తుంచుకుంటే ఇది చిన్న విషయం కాదు. 2020 జులైలో ఆయనకు కరోనా సోకింది. తాను బాగానే ఉన్నానని ఆసుపత్రి నుంచే వీడియో ద్వారా అభిమానులకు చెప్పారు. కొద్ది రోజులకే పరిస్థితి విషమించింది. టీకాలు రాని రోజులు, అంతిమయాత్రలకు నలుగురు కూడా వెళ్లలేని రోజులు అవి. ఊరంతా తెలిసిన మనిషికి ఊరంతా వచ్చి వీడ్కోలు చెప్పే వీలు లేకపోయింది.

ఆ దారి ఇప్పుడున్నదా?

చిరు వ్యాపారి శాసనసభకు చేరే దారి 2014లోనే ఇరుకైనది. ఆ తరువాత మరింత ఇరుకైంది. శాసనసభ అభ్యర్థి ఎన్నికల వ్యయ పరిమితి 2014లో 28 లక్షల రూపాయలు. 2022 జనవరి నుంచి అది 40 లక్షలు. ఇది కాగితం మీది లెక్క. గోదావరి జిల్లాల్లో వాస్తవ వ్యయం దీనికి ఎన్ని రెట్లో పంచాయతీ ఎన్నికల్లో నిలబడిన వారికి సైతం తెలుసు. పైగా ఫొటో స్టూడియో అనే ఆ వ్యాపారమే మునుపటిలా లేదు. సెల్‌ఫోన్ కెమెరా వచ్చి పాస్‌పోర్టు ఫొటోల గిరాకీని తినివేసింది. మీసేవ, ఆధార్ కేంద్రాలలో ఫొటో అక్కడికక్కడే తీస్తారు. పెళ్లిళ్లకు డ్రోన్లు, లక్షల రూపాయల కెమెరాలు కలిగిన బృందాలు వస్తున్నాయి. ఊరందరినీ తన గడప తొక్కించుకున్న దుకాణం అంటూ ఇప్పుడు ఏదీ మిగలలేదు.

అయినా దారి పూర్తిగా మూసుకుపోయిందనడానికి లేదు. 2024లో తెలుగుదేశం, జనసేన, భాజపా మళ్లీ కలిసినపుడు నరసాపురం లోక్‌సభ స్థానాన్ని భాజపా ఒక పారిశ్రామికవేత్తకు కాక, భీమవరానికి చెందిన పాత కార్యకర్త భూపతిరాజు శ్రీనివాసవర్మకు ఇచ్చింది. ఆయన గెలిచి కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. పదేళ్ల కిందటి కథే ఇంకొంచెం పెద్ద వేదిక మీద జరిగింది. పోటీ లేని పార్టీలో ఓపిక, సమయానికి పొత్తు, ఊరిలో చెడ్డపేరు లేకపోవడం. మూడింటిలో ఏది లోపించినా రెండు కథలూ లేవు.

తాడేపల్లిగూడెంలో మాత్రం ఈసారి పొత్తు లెక్క వేరుగా తేలింది. 2014లో భాజపాకు వచ్చిన ఈ శాసనసభ స్థానం 2024లో జనసేనకు వెళ్లింది. ఆ పార్టీ అభ్యర్థి బొలిశెట్టి శ్రీనివాస్ భారీ ఆధిక్యంతో గెలిచారు. నాడు మాణిక్యాలరావుతో పాటు గెలిచిన ముగ్గురిలో కామినేని శ్రీనివాస్ కైకలూరు నుంచి, విష్ణుకుమార్‌రాజు విశాఖ ఉత్తరం నుంచి అదే కమలం గుర్తుపై మళ్లీ సభకు వెళ్లారు. ఆయన జీవించి ఉంటే గూడెం సీటు కోసం మిత్రపక్షాల మధ్య బేరం ఎలా సాగేదన్నది పట్టణంలోని భాజపా కార్యకర్తలు ఇప్పటికీ తెగ్గొట్టుకోలేని చర్చ. ఆ ఎన్నికల్లో వారు గాజు గ్లాసు గుర్తుకు ఓట్లడిగారు.